“ఈ రెండేళ్ళూ ఏం చేశారు?” అని అడిగితే

సంఘ పెద్దలకు, సహోదరులకు, సహోదరీలకు ప్రభువు నామంలో నా వందనాలు. నా పేరు సుగుణ. కూర్మన్నపాలెంలో అద్దెకుండే ఫిట్టరు అప్పారావు గారి భార్యను, మీలో చాలామందికి తెలుసు. ఈ సాక్ష్యం నేను కాగితం మీద రాసుకుని చదువుతున్నాను, చూడకుండా చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే దయచేసి నాకు మాట అందించకండి. ప్రేమతోనే అందిస్తారని నాకు తెలుసు, కానీ నేను వెతుక్కుంటాను, దొరుకుతుంది, కాస్త ఆలస్యమవుతుంది అంతే.

సహోదరులారా, నేను ఆటోనగర్‌లో ఒక లారీల ఆఫీసులో పదకొండేళ్ళు పనిచేశాను. పొద్దున్న తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా ఫోను చెవికి అతుక్కునే ఉండేది. ఏ లారీ పోర్టులో ఏ గేటుకి వెళ్ళాలి, ఏది ఎక్కడ లోడు ఎత్తాలి, ఏ డ్రైవరు ఇంకా అనకాపల్లి దాటలేదు, అంతా నా నోటి మీదే నడిచేది. ఒక చెవిలో డ్రైవరు, రెండో చెవిలో మేనేజరు గారు, ఇద్దరికీ ఒకేసారి జవాబు చెప్పేదాన్ని. “సుగుణమ్మ నోట్లో ఉన్నది నాలిక కాదురా, మోటారు!” అని డ్రైవర్లు నవ్వుకునేవారు. నాకూ లోపల గర్వంగానే ఉండేది, దేవుని సన్నిధిలో దాచుకోవడం ఎందుకు!

ఒక సోమవారం పొద్దున్నే ఒక డ్రైవరు ఫోను చేసి “అమ్మా, ఏ గేటుకి ఎల్లాల?” అని అడిగాడు. నాకు తెలుసు. నంబరు నా కళ్ళ ముందే ఉంది. నోరు తెరిస్తే “కొబ్బరి” అని వచ్చింది. “ఏటమ్మా?” అన్నాడు. మళ్ళీ “కొబ్బరి” అన్నాను. నేను ఏం అంటున్నానో నాకే వినిపిస్తోంది, అది కాదని నాకే తెలుస్తోంది, అయినా ఆ మాట తప్ప వేరే మాట రావడంలేదు. ఇంతలో కుడిచేతిలోంచి ఫోను జారి కింద పడింది. తరువాత ఆటోలో మా మేనేజరు గారి భుజం మీద తల వాల్చి ఉండటం ఒక్కటే గుర్తు.

బ్రెయిన్ స్ట్రోక్ అన్నారు. మెదడులో మాట పుట్టేచోట రక్తం గడ్డకట్టిందన్నారు. నెల తిరిగేసరికి కాలు కదిలింది, నాలుగైదు నెలలకి చెయ్యి కూడా ఎంతో కొంత స్వాధీనంలోకి వచ్చింది, మాట మాత్రం రాలేదు. రాలేదంటే అసలు రాలేదని కాదు, సహోదరులారా, అదే పెద్ద బాధ! ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమవుతుంది, నేను చెప్పాలనుకున్నది లోపల శుభ్రంగా ఉంటుంది, బయటకి వచ్చేటప్పుడు వేరే మాట వచ్చి నిలబడుతుంది. నీళ్ళు కావాలని “గోడ, గోడ” అనేదాన్ని. మా ఆయన్ని పెళ్ళికాకముందు నుంచి బావా అని పిలవడం అలవాటు, ఆ మాట కోసం నోరు తెరిస్తే “బస్సూ” అని వచ్చేది. ఆయన మొదటిసారి నవ్వారు. నా ముఖం చూసి మరెప్పుడూ నవ్వలేదు.

చూడటానికి వచ్చినవాళ్ళు నాకు చెముడు ఉన్నట్టు గట్టిగా అరిచి మాట్లాడేవారు, లేకపోతే నన్ను వదిలేసి మా ఆయన్ని అడిగేవారు. “తిండి తింతందా? మనుసుల్ని గుర్తుపడతందా?” అని. నేను అక్కడే కూర్చుని వింటూ ఉండేదాన్ని. ఆఫీసువాళ్ళు మూడు నెలలు చూసి నా కుర్చీలో వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను. ఫోనులో మాట్లాడే ఉద్యోగానికి మాట లేని మనిషి ఎందుకు?

అన్నిటికంటే చీకటి రోజు అది కాదు. ఒక శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. మన మార్తమ్మక్క నా చెయ్యి పట్టుకుని, “నువ్వే ప్రార్థన సెయ్యి సుగుణా, ఒక్క మాట సాలు, ప్రభువా అను” అంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను నా బలమంతా కూడగట్టుకున్నాను. “సబ్బు” అన్నాను. ఎవరో ఒక చిన్న పిల్ల కిసుక్కుమంది, వాళ్ళమ్మ దాని నోరు మూసింది. నేను మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ సబ్బే! నా దేవుణ్ణి పేరు పెట్టి పిలుచుకోలేని మనిషినైపోయాను! ఆ రోజు నుంచి నేను ప్రార్థన మానేశాను. మీ అందరి మధ్య తలమీద కొంగు వేసుకుని కూర్చునేదాన్ని, కళ్ళు మూసుకునేదాన్ని, లోపల ఏమీ ఉండేది కాదు.

మూడు వారాలు ఉపవాస ప్రార్థనలు జరిగాయి, నా కోసం. మీలో చాలామంది ఆ మూడు వారాలూ ఆకలితో ఉన్నారు, నేను మరచిపోలేదు. మూడో ఆదివారం ఆరాధనలో పాట మొదలైంది, నేను ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మా అమ్మ నేర్పిన పాట. నా నోరు నాకు తెలియకుండానే తెరుచుకుంది. మొదటి చరణం, రెండో చరణం, పల్లవి, ఒక్క అక్షరం తప్పకుండా పాడాను! మార్తమ్మక్క హల్లెలూయా అని కేకవేసింది, మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు, సగం సంఘం ఏడ్చింది. పాట అయిపోయింది. మన పాస్టరు అయ్యగారు మైకు నా దగ్గర పెట్టి “చెప్పమ్మా, దేవుడు ఏం చేశాడో చెప్పు” అన్నారు. నేను నోరు తెరిచాను.

కొబ్బరి.

సహోదరులారా, జబ్బుపడిన రోజుకంటే ఆ రోజు నాకు ఎక్కువ కష్టమైంది. ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నాడే అనుకున్నాను. ఇంటికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంటే రెండు రోజులు లేవలేదు.

మూడో రోజు అయ్యగారు మా ఇంటికి వచ్చారు. అందరి ముందూ మైకు పెట్టినందుకు ముందు నన్ను క్షమాపణ అడిగారు, అది నేను ఎదురుచూడలేదు. తరువాత బైబిలు తెరిచి ఏ వాక్యమూ చదవలేదు. వెళ్ళబోయే ముందు “ప్రార్థన చేసుకుంటున్నావా అమ్మా?” అని అడిగారు. నేను తల అడ్డంగా ఊపి, నోరు చూపించి, “ఉఁ” అని ఒక మూలుగు మూలిగాను. అదొక్కటే వచ్చింది. ఆయన అన్నారు కదా, “అదే చాలు. మూలుగు ఆయనకి మాటకంటే ముందు అర్థమవుద్ది. మాట రాదని ఆయనతో వాదించినవాళ్ళు గ్రంథంలోనే ఉన్నారు, వాళ్ళని ఆయన పంపించెయ్యలేదు.” ఆ సాయంత్రం నేను మంచం మీద కూర్చుని “ఉఁ” అన్నాను. అది నా ప్రార్థన. ఏమీ జరగలేదు. మర్నాడు కూడా అన్నాను.

ఆసుపత్రిలో మాట నేర్పే టీచరమ్మ ఒకావిడ ఉండేది, పాతికేళ్ళు దాటని పిల్ల. పాట సంగతి మా ఆయన ఆమెకు చెప్పారు. ఆమె నవ్వి, “పాట ఉండే చోటు వేరండీ, అక్కడ దెబ్బ తగల్లేదు. ఆ దారిలోంచే మాటని తెచ్చుకుందాం” అంది. ఎడమచేత్తో తొడమీద తట్టుకుంటూ, రాగం తీసినట్టు, “నీ-ళ్ళు కా-వా-లి” అని చెప్పించేది. నేను దేవుడు లాక్కున్నాడనుకున్నది ఆయన తెరిచి ఉంచిన దారి అని అప్పుడు తెలిసింది నాకు! కానీ ఆ దారిలో నడవడం ఎంత అలసటో మీకు ఎలా చెప్పను! నాలుగు మాటలు అనేసరికి నాలుగు బిందెలు మోసినట్టు ఉండేది. నీళ్ళు అనడానికి వారం, బావా అనడానికి నెల, ప్రభువా అనడానికి మరో నెలన్నర. ప్రభువా అన్న రోజు వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నాను, బియ్యం కడుగుతున్నాను. ఎవరినీ పిలవలేదు. ఆ మాటే నాలుగైదుసార్లు అనుకుని మళ్ళీ బియ్యం కడుక్కున్నాను.

ఇలా ఏడాదిన్నర గడిచింది. రాయడం, లెక్క చూడటం బాగా వచ్చేశాయి, మాట కుంటుకుంటూ వచ్చేది. ఈ లోపల మా ఆయన ఒక షిఫ్టు చేసి వెంటనే రెండో షిఫ్టుకి నిలబడేవారు, వారానికి మూడు నాలుగు రోజులు అలాగే. ఒక రోజు పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చుని బూటు లేసు విప్పుతూ విప్పుతూ నిద్రపోయారు. ఒక బూటు కాలికి ఉంది, రెండోది చేతిలో ఉంది, తల గుమ్మానికి ఆనుకుంది. ఎండ ముఖం మీద పడుతున్నా లేవలేదు. నేను ఆ ఎండకు అడ్డంగా నిలబడి, “ఉఁ” అన్నాను నా దేవునితో. ఆ రోజే మళ్ళీ పనికి వెళ్ళాలని నిర్ణయించుకున్నాను.

మార్తమ్మక్క నన్ను పక్కకి పిలిచి మంచి మనసుతోనే ఒక సలహా చెప్పింది. “జబ్బు అని సెప్పకే తల్లీ, ఎవుడూ పన్లోకి తీసుకోడు. అమ్మాయి సదువు కోసం ఇంటికాడ ఉండిపోనానని సెప్పు. అందరూ అలాగే సెప్తారు.” మా అమ్మాయి ప్రియ పాలిటెక్నిక్ చదువుతోంది, దానికి ఇంగ్లీషు వచ్చు, జవాబులన్నీ రాసి ఇచ్చింది. నేను తొడమీద తట్టుకుంటూ పన్నెండు రోజులు బట్టీపట్టాను.

పోర్టువైపు ఒక షిప్పింగ్ ఆఫీసులో ఇంటర్వ్యూ. చల్లటి గది, ఎదురుగా మా అమ్మాయికంటే నాలుగైదేళ్ళు పెద్దవాడు, ముందు కాగితం మీద ప్రశ్నలు వరసగా ఉన్నాయి. మీ గురించి చెప్పండి అన్నాడు. చెప్పాను, బల్ల కింద చెయ్యి తట్టుకుంటూ, అచ్చం పాఠం అప్పజెప్పినట్టు. రెండేళ్ళు ఎందుకు గ్యాప్ వచ్చిందన్నాడు. అమ్మాయి చదువు కోసం అన్నాను. అతను మర్యాదకే అడిగాడు పాపం, “ఓ, ఏం చదువుతోందండీ?” అని. అది నేను బట్టీపట్టిన వాటిలో లేదు! ఉన్న మాట చెప్పడానికైనా నేను వెతుక్కోవాలి, అబద్ధానికి తోడు కావలసిన మాట కోసం ఎక్కడ వెతకను? నోరు తెరిచి “ఉప్పు” అన్నాను. కాదని చెయ్యి ఊపి మళ్ళీ “ఉప్పు” అన్నాను. అతను భయపడి, “వాటర్ తీసుకోండి మేడమ్” అని సీసా నావైపు జరిపాడు. ఫోను చేస్తామన్నారు. చేయలేదు. కాన్వెంట్ జంక్షన్ దగ్గర బస్సు ఎక్కి కూర్మన్నపాలెం వచ్చేదాకా కిటికీవైపే చూస్తూ కూర్చున్నాను.

రెండోది ఫోనులోనే. ఒకావిడ చాలా వేగంగా ఏదో అడిగింది, నేను మాట కోసం ఆగాను. “హలో? హలో? సిగ్నల్ లేనట్టుంది” అని పెట్టేసింది. నేను ఫోను పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను, అప్పటికి నా మాట దొరికింది, వినేవాళ్ళు లేరు.

ఆ సాయంత్రం మా ఆయనతో ఇక వద్దన్నాను. చెయ్యి కూడా ఊపాను, వద్దని. తరువాత ఒక్కదాన్నే కూర్చుని, అప్పటికి నాకు వచ్చిన మాటలతోనే ఇలా ప్రార్థించాను: “ప్రభువా. అలిసిపోనాను. నాకున్న మాటలు కొన్నే. అబద్ధానికి సాలవు. నిజానికే సాలవు. ఏటి సెయ్యమంతావు?” సహోదరులారా, నాకు దర్శనం రాలేదు, స్వరం వినబడలేదు. కానీ ఆ ప్రార్థన చేస్తుంటేనే, చేసిన ఆ మాటల్లోనే నాకు జవాబు కనిపించింది. అబద్ధానికి మాటలు ఎక్కువ కావాలి! ఒక అబద్ధం చెబితే దాన్ని నిలబెట్టడానికి ఇంకో పది కావాలి. నాకు రోజుకి దొరికేవే ఇన్ని, వాటిని అక్కడ పారబోసుకోలేను. నేనేమీ నీతిమంతురాలినై నిజం ఎంచుకోలేదు, ఓపిక లేక ఎంచుకున్నాను. దేవుడు నా ఓపికలేనితనాన్నే వాడుకున్నాడు, ఆయనకే స్తోత్రం!

మర్నాడు మా ఆయన్ని కూర్చోమన్నాను. మా ఆయన సంగతి మీకు తెలుసు, చర్చిలో వందనాలు అన్న మాట తప్ప ఆయన గొంతు ఎవరూ విని ఉండరు. ఆయన సెల్లులో ఇంటర్వ్యూల్లో మామూలుగా అడిగే ప్రశ్నలు అని వెతికి, డ్యూటీ నుంచి వచ్చి టీ తాగి, ముక్కు మీద కళ్ళజోడు పెట్టుకుని పోలీసు అడిగినట్టు అడిగేవారు. “నీ గురించి సెప్పు!” నాకు నవ్వు వచ్చేది. ఒక్కొక్క ప్రశ్నకు రెండే రెండు వాక్యాలు, నావి, నిజమైనవి. ఇంగ్లీషు వదిలేశాం. రెండేళ్ళూ ఏం చేశావు అంటే, జబ్బు చేసింది, మాట నేర్చుకున్నాను. షిఫ్టుకి రాగలవా అంటే, పగలు రాగలను, రాత్రి రాలేను. నిద్రకళ్ళతో ఆయన అడుగుతుంటే, తొడమీద తట్టుకుంటూ నేను చెప్పేదాన్ని.

ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాం. ఈ ఉద్యోగం మీకే ఎందుకు ఇవ్వాలి? వారం రోజులు ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా తల దించుకున్నాను. కష్టపడతాను అంటే అందరూ అదే అంటారు. నిజంగానే నాకు తెలియలేదు, మాట దొరక్క కాదు, లోపలే లేదు. ఆఖరికి ఒక రోజు నాకు ఏడుపొచ్చి, “ఎందుకు ఇవ్వాల? వొద్దు, ఇవ్వొద్దు” అన్నాను.

అప్పుడు మా ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. “నాను సెప్తాను ఇను” అన్నారు. “నీ ఆఫీసులో పదకొండేళ్ళు ఒక్క లారీ కూడా తప్పు గేటుకి ఎల్లనేదు. ఆ సంగతి మీ మేనేజరు ఆసుపత్రిలో నాతో సెప్పి ఏడిసినాడు. నువ్వు జబ్బుపడ్డాక మన ఇంట్లో ఒక్క మాత్ర తప్పనేదు, నీదీ, నాదీ. సెయ్యి పనిసెయ్యకపోతే ఎడంసేత్తో మందుల సీటీ రాసి గోడకి అంటించినావు. మాట పోయిన మనిసివి నువ్వు, మాటున్న నానే ఒకరోజు మన పిల్ల ఫీజు తారీకు మర్సిపోతే నువ్వు యేలెట్టి కేలండరు సూపించినావు. నిన్నెందుకు తీసుకోవాలంటావేటి? నిన్ను తీసుకోపోతే ఆడిదే నష్టం.” పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేను ఎరగను. మాట్లాడేసి, సిగ్గుపడి, అలాగే పక్కకి తిరిగి పడుకున్నారు. రెండు నిమిషాల్లో గురక! నేను ఏడుస్తూ దేవుణ్ణి స్తుతించాను, మాటలతో కాదు, నా పాత భాషలోనే.

తరువాత పది రోజులకి మా ఆయన ఆటోనగర్‌లో ఒక ఫ్యాక్టరీ గేటుకి బోర్డు చూసి వచ్చారు, స్టోర్సుకి మనిషి కావాలని. ఇనప గేట్లు, షెడ్లు తయారుచేసే చోటు. పనివాళ్ళు అడిగిన బోల్టులూ, వెల్డింగ్ రాడ్లూ, చేతి గ్లౌజులూ కిటికీలోంచి ఇచ్చి, ఏది ఎంత పోయిందో చీటీ రాయడం అక్కడ పని. ఫోను చేయకుండా నేరుగా వెళ్ళాను. యజమాని గారు గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ పెద్దాయన. నుదుట బొట్టు, కుర్చీ వెనక సింహాచలం అప్పన్న పటం. బయట గ్రైండింగ్ మెషిను చప్పుడు. నా ధైర్యం సగం అక్కడే పోయింది. కూర్చోకముందే నా చీటీ ఆయన చేతికిచ్చాను.

అందులో ఇలా రాసుకున్నాను: “నమస్కారం. నా పేరు సుగుణ. రెండేళ్ళ కిందట బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. వినడం, చదవడం, లెక్క, జ్ఞాపకం బాగున్నాయి. మాట ఆలస్యంగా వస్తుంది. ఒక్కోసారి ఒక మాటకు బదులు వేరే మాట వస్తుంది. నాకు తెలుస్తుంది, సరిచేసుకుంటాను. దయచేసి కొంచెం ఆగండి.”

ఆయన రెండుసార్లు చదివారు. గోడ గడియారం వైపు చూశారు. “కూర్చోండమ్మా” అన్నారు. “ఈ రెండేళ్ళూ ఏం చేశారు మరి?”

“జబ్బు సేసిందండి. మాట… నేర్సుకున్నాను.”

“అంటే ఇంట్లో ఖాళీగానే ఉన్నారు.”

“ఇంట్లో ఉన్నానండి. కాళీగా లేను.”

ఆయన కాస్త తల ఎత్తి చూశారు. మీ బలహీనత ఏమిటని అడగబోయి, ఆయనే ఆగిపోయారు. నేను “తెలుస్తంది కదండీ” అన్నాను. ఆయనకి నవ్వొచ్చింది. తరువాత నవ్వు ఆపి, “చూడండమ్మా, అడక్క తప్పదు. మళ్ళీ వస్తే? పనిలో ఉండగా మళ్ళీ వస్తే నా పరిస్థితేంటి?” అన్నారు. ఈ ప్రశ్న మా ఆయన సెల్లులో లేదు. నేను చాలాసేపు ఆగాను. “తెలవదండి. మందు మానను. ప్రార్థన మానను. అంతే నా సేతిలో ఉంది” అన్నాను.

“సరే, మీకే ఎందుకివ్వాలి ఈ ఉద్యోగం?”

“పదకొండేళ్ళు… ఒక్క… ఒక్క పడవ కూడా…” కాదు. చెయ్యి అడ్డంగా ఊపాను. “పడవ… కాదు…”

“ఓడా? పోర్టులో ఓడలా? బస్సులా?” ఆయన సాయం చేద్దామనే అందిస్తున్నారు, ఒక్కొక్క మాట అందిస్తుంటే నాది ఇంకా దూరం పోతోంది. అప్పుడు నేను జీవితంలో ఎన్నడూ చేయని పని చేశాను, సహోదరులారా! ఒక పెద్దమనిషి ముఖం ముందు అరచెయ్యి ఎత్తి ఆపాను. “ఆగండి. నన్ను… సెప్పనియ్యండి.” ఆయన ఆగారు. గ్రైండింగ్ మెషిను మోగుతోంది. నా ఎడమచెయ్యి బల్ల మీదే పెట్టి, దాచుకోకుండా, ఆయన చూస్తుండగానే తట్టుకున్నాను. లోపల ఒకటే మూలుగు, ప్రభువా, ప్రభువా. ఎంతసేపో నాకు తెలియదు. వచ్చింది!

“లారీ! ఒక్క లారీ కూడా తప్పు గేటుకి ఎల్లనేదండి. మాట తప్పుతాది. రాత తప్పదండి.”

ఆయన లేచి నన్ను స్టోర్సు గదికి తీసుకెళ్ళారు. పాత మనిషి వెళ్ళిపోయాక ఎవరికి కావలసింది వాళ్ళు లాక్కుని పారేసిన బోల్టులూ నట్లూ ఒక మూల గుట్టగా పడి ఉన్నాయి. “వీటిని సైజుల వారీగా వేరుచేసి, ఏది ఎన్ని ఉన్నాయో రాసి చూపించండి” అన్నారు. ఆ గంటన్నర నన్ను ఎవరూ ఏ ప్రశ్నా అడగలేదు. కుడిచెయ్యి తిమ్మిరెక్కితే ఎడమచేత్తో ఏరాను. ఆయన వచ్చి నాలుగు డబ్బాలు తానే లెక్కపెట్టుకుని చూసి, “నెల రోజులు చూద్దామమ్మా. తరువాత మాట తరువాత” అన్నారు.

ఆ నెల గురించి తియ్యగా చెప్పలేను. రోజూ సాయంత్రం బస్సులో నిలబడే నిద్రపోయేదాన్ని. కిటికీ దగ్గర పనివాళ్ళు “అమ్మా, తొరగా!” అని అరిచేవారు. వాళ్ళు గ్లౌజులంటే నేను తిరిగి “చెప్పులా?” అనేదాన్ని, నవ్వేవారు. పని మానేద్దామని రెండుసార్లు అనుకున్నాను. రెండో వారంలో ఒక సంగతి గమనించాను. బీహారు నుంచి, ఒరిస్సా నుంచి వచ్చిన కుర్రాళ్ళు అదే కిటికీ దగ్గరకి వచ్చి, తెలుగు పేరు తెలియక, చేతులతో సైగలు చేసి, తప్పు సామాను తీసుకెళ్ళి, మేస్త్రీ చేత తిట్లు తిని మళ్ళీ వచ్చేవారు. నాలాగే వాళ్ళు! కావలసింది తెలుసు, మాట లేదు. ఒక చెక్క తెప్పించి, ప్రతి సామానూ ఒక్కొక్కటి తీగతో దానికి కట్టి, కింద నంబరు వేసి కిటికీ పక్కన తగిలించాను. నంబరు మీద వేలు పెడితే చాలు. నాకు పేరు చెప్పే పని తప్పింది, వాళ్ళకి అడిగే పని తప్పింది. వారం తిరిగేసరికి తెలుగు బాగా వచ్చినవాళ్ళు కూడా నంబరే చెప్పడం మొదలుపెట్టారు. కిటికీ దగ్గర అరుపులు తగ్గాయి.

నెల నిండిన రోజు యజమాని గారు ఆ చెక్క ముందు నిలబడి చాలాసేపు చూశారు. ఇప్పుడు పంపించేస్తారు అనుకున్నాను. వెనక్కి తిరిగి, “రేపొచ్చేటప్పుడు ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు పట్టుకురండమ్మా, రిజిస్టర్లో పేరు ఎక్కించాలి” అన్నారు. నాకు అలాగేనండి అన్న మాట రాలేదు. వేరే ఏ మాటా రాలేదు. తల ఊపాను. గదిలోకి వెళ్ళి, వెల్డింగ్ రాడ్ల పెట్టె మీద కూర్చుని మా దేవునికి కృతజ్ఞత చెప్పాను, ఆయనకు అర్థమైంది.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. మా ఆయన ఇప్పుడు ఒక్క షిఫ్టే చేస్తున్నారు. నాకు మాట పూర్తిగా రాలేదు. వస్తుందో రాదో డాక్టర్లు చెప్పలేదు, దేవుడూ చెప్పలేదు. మొన్న మా అమ్మాయిని వేరే పేరుతో పిలిచాను, అది నవ్వి పలికింది. నాకు విడుదల వచ్చిందా అని మీరు అడగవచ్చు. వచ్చింది. దాచుకోవడం నుంచి విడుదల వచ్చింది. సిగ్గు నుంచి వచ్చింది. నేను మాట్లాడలేకపోతే దేవుడు వినడన్న భయం నుంచి పూర్తిగా వచ్చింది, ఆయనకు స్తోత్రం!

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో జబ్బుపడి లేచి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, సహోదరీ, సహోదరుడా, నేను మీకు పెద్ద మాటలు చెప్పలేను, నా దగ్గర లేవు. మనుషులు అడిగిన ప్రశ్నలకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, తక్కువ చెప్పండి, మెల్లగా చెప్పండి. దేవుని దగ్గర అయితే అసలు చెప్పనక్కరలేదు, వచ్చి కూర్చోండి. కొందరు మీకోసం ఆగరు. ఆయన ఆగుతాడు. నా ఒక్క మాట కోసం ఆయన రెండేళ్ళు ఆగాడు, ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. ఆయన్ని నమ్మండి.

మహిమ అంతా ఆయనకే. అలసట మాత్రం నాది, అదీ ఆయనకు తెలుసు. ఆమేన్.